'నా చేతులు కట్టించింది నువ్వేగా?'

ఈ వారం ఉత్తరం ఒక భార్య రాశారు. ఆవిడకు 39 ఏళ్ళు, ఆయనకు 44. ఆరు నెలల కిందట మామూలు జ్వరం, దగ్గుగా మొదలై నాలుగో రోజుకు ఆయనకు ఊపిరి అందకుండా పోయింది. న్యుమోనియా అన్నారు. దాని వెంటే సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్ళు అదుపు తప్పి స్పందించి, అవయవాలు దెబ్బతినడం) వచ్చి బీపీ పడిపోయింది. మొత్తం 22 రోజులు ఐసీయూ, అందులో 16 రోజులు వెంటిలేటర్. ఊపిరితిత్తులు మరీ మొరాయించినప్పుడు నాలుగుసార్లు బోర్లా పడుకోబెట్టారు. తొమ్మిదో రోజు రాత్రి ఆయన గొంతులోని గొట్టాన్ని తన చేత్తోనే లాగేసుకున్నారు. మళ్ళీ గొట్టం వేశాక, చేతులు మంచానికి కట్టడానికి ఒప్పుకుంటున్నట్టు ఈవిడ చేత సంతకం పెట్టించుకున్నారు.

ఆయన బతికారు. చక్రాల కుర్చీలో ఇంటికొచ్చి, ఇప్పుడు తన కాళ్ళ మీద తాను నడుస్తున్నారు. ఎక్స్‌రే బాగుంది, కిడ్నీలు బాగున్నాయి, ఇక రానక్కర్లేదని డాక్టరుగారు సంతోషంగా పంపించేశారు. "రిపోర్టులన్నీ నార్మల్, మా ఇంట్లోనే ఏదీ నార్మల్‌గా లేదు" అని రాశారావిడ. లైటు వెలుగుతుంటే తప్ప ఆయనకు నిద్ర పట్టదు. మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోతారు. ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం. ఒకప్పుడు పేజీడు అంకెల్ని కళ్ళతోనే కూడేసే మనిషికి ఇప్పుడు నాలుగో వరుసకొచ్చేసరికి మొదటిది జారిపోతోంది. ఆఫీసువాళ్ళు ఎప్పుడొస్తారని అడుగుతున్నారు. రోజులో ఎన్నోసార్లు బొటనవేలి గోరు మీద అడ్డంగా పడ్డ గాడిని తడుముకుంటూ "ఇది ఇంకా పోలేదేంటి" అంటారట.

అన్నిటికంటే ఆవిడను కుదిపేసింది ఆయన జ్ఞాపకాలు. తనను ఎవరో నీళ్ళలో బోర్లా తొక్కిపట్టారని, ఒక నర్సు రోజూ సూదితో విషం ఎక్కించేదని, అదంతా జరుగుతుంటే భార్య తలుపు దగ్గర నిలబడి వాళ్ళతో నవ్వుతూ మాట్లాడిందని ఆయనకు గట్టి నమ్మకం. ఒక రాత్రి లేచి కూర్చుని అడిగారు: "నా చేతులు కట్టించింది నువ్వేగా?" ఆవిడ నోట మాట రాలేదు. మర్నాడు ఆస్పత్రి ఫైలు తీసుకెళ్ళి బీరువాలో బట్టల కింద దాచేశారు.

ఇంకోవైపు ఆడపడుచు. "ఎక్మో ఉన్న చోటికి తీసుకెళ్ళాల్సింది. విటమిన్ సి ఎక్కించమని నేను మొదట్లోనే చెప్పాను" అంటూ ఫోనుకు వీడియోలు పంపుతూనే ఉన్నారు. ఆయనేమో "ఇంకోసారి ఇలాంటిదొస్తే నన్ను ఆ మెషిన్ మీద పెట్టనివ్వనని మాటివ్వు" అని పట్టుబడుతున్నారు. తాను తప్పు చేశానా, ఆ రోజుల సంగతి ఆయనకు చెప్పాలా వద్దా, ఉద్యోగానికి పంపాలా, ఆ మాట ఇవ్వాలా? ఇవీ ఆవిడ ప్రశ్నలు. ఉత్తరం అయిపోయాక, కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది: "లిఫ్టు టింగుమన్నా నాకు గుండె ఆగినంత పనవుతోంది. ఇది రాయాల్సిన విషయమేనా అనుకుంటూనే రాశాను."

* * *

అమ్మా, ఆ చిన్న అక్షరాల దగ్గరే మొదలుపెడతాను. నేను ఐసీయూలో పనిచేసిన తొలి ఏళ్ళలో మంచం మీదున్న మనిషిని చూడటమే మాకు తెలుసు. బయట బెంచీ మీద కూర్చున్న మనిషి సంతకం కావలసినప్పుడే గుర్తొచ్చేవారు. ఆ సంతకం పెట్టించుకుని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళం. బయట ఆ మనిషి ఏమైపోయేవారో ఎప్పుడూ అడగలేదు. ఈ మాట రాయడానికి నాకు బాధగానే ఉంది.

అడిగినవాళ్ళు ఉన్నారు. ఫ్రాన్స్‌లో ఐసీయూ రోగుల బంధువులను మూడు నెలల తర్వాత పలకరించి, 2005లో ఆ వివరాలు ప్రచురించారు. ప్రతి ముగ్గురిలో ఒకరికి పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ళలో కనిపించే లక్షణాలే ఉన్నాయి: ఉలిక్కిపడటం, నిద్ర లేకపోవడం, చప్పుడు వింటే ఆ రోజుల్లోకి వెళ్ళిపోవడం. వైద్యుల నిర్ణయాల్లో పాలుపంచుకున్న బంధువుల్లో అయితే దాదాపు సగం మందికి. మీకు లిఫ్టు గంటలో వినిపిస్తున్నది వెంటిలేటర్ అలారం. అది రాయాల్సిన విషయమే. దానికి వైద్యం కూడా ఉంది, అక్కడికి మళ్ళీ వస్తాను.

మీ ఇద్దరికీ జరుగుతున్నదానికి ఒక పేరుంది. అమెరికాలోని క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2010లో ఈ విషయం మీదే ఒక సమావేశం పెట్టి, 2012లో ఆ పేరును లోకానికి చెప్పింది: పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్. ప్రాణాపాయం తప్పాక కూడా ఒంట్లో, ఆలోచనలో, మనసులో మిగిలిపోయే లోటు అది. రోగికి వచ్చేదాన్నీ, ఇంట్లోవాళ్ళకు వచ్చేదాన్నీ రెండింటినీ అందులో చేర్చారు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చుని, రోగుల గొంతులో పెట్టిన గొట్టానికి తగిలించిన సంచిని చేత్తో నొక్కుతూ పగలూ రాత్రీ ఊపిరి అందించారు. ఐసీయూ పుట్టింది అక్కడే. అప్పటినుంచి మా లెక్క అంతా ఒక్కటే: మనిషి బతికాడా లేదా. పరిశోధనలు కూడా 28వ రోజుకు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టి సంతృప్తిపడేవి. 29వ రోజు నుంచి మొదలయ్యే బతుకును వైద్యం పట్టించుకోవడం ఈ ఇరవై ఏళ్ళలోనే. మీ డాక్టరుగారు చూసిన ఎక్స్‌రే అబద్ధం కాదు. ఆయన చూసింది ఊపిరితిత్తులను, మీరు చూస్తున్నది మనిషిని.

ఇప్పుడు ఆ జ్ఞాపకాల సంగతి. వాటిని పీడకలలు అనుకుంటే మీరిద్దరూ ఒకరికొకరు అర్థం కారు. మన పెద్దవాళ్ళు తీవ్రమైన జ్వరంలో మనిషి మాట్లాడే పొంతన లేని మాటలను "సంధి" అనేవారు. డాక్టర్లు డెలీరియం అనేది అదే. వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో చాలామందికి అది వస్తుంది. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ లోపం, మత్తుమందులు, నిద్ర లేకపోవడం అన్నీ కలిసి మెదడును అలా చేస్తాయి. కల అయితే మెలకువ రాగానే కల అని తెలుస్తుంది. సంధిలో చూసింది నిజంగా జరిగినదానికంటే గట్టిగా ముద్రపడిపోతుంది, నెలలు గడిచినా రంగు తగ్గదు.

అలాగని అదంతా గాలిలోంచి పుట్టింది కూడా కాదు. ఆయన్ను నిజంగానే బోర్లా పడుకోబెట్టారు. ముఖం దిండులో, గొంతులో గొట్టం, గొట్టంలో చేరిన కఫాన్ని పీల్చి తీస్తున్నప్పుడు ఊపిరాడనట్టుండటం. మత్తులో ఉన్న మెదడుకు అది నీళ్ళు. ఒక నర్సు నిజంగానే రోజుకు ఎన్నోసార్లు సూదితో వచ్చేది. మీరు నిజంగానే తలుపు దగ్గర నిలబడ్డారు. ఎవరో "ఈరోజు కాస్త నయం" అంటే మీ ముఖం ఒక్క క్షణం విప్పారి ఉండొచ్చు. ముక్కలన్నీ నిజమే, వాటిని కుట్టిన దారమే తప్పు.

అందుకే "అలాంటిదేం జరగలేదండీ" అని కొట్టిపారేయకండి. ఆయన కళ్ళారా చూశానంటున్నదాన్ని మీరు లేదంటే, ఇంకేదో దాస్తున్నారనే అనిపిస్తుంది. ఊరుకోబెట్టడానికి "అవునండీ" అని తలూపడమూ వద్దు.

చేతులు కట్టడం గురించి నాకు తెలిసినంతా చెప్తాను, మీరు అడగనిది కూడా. మొదటి గొట్టం ఆయన లాగేసుకున్నారు. అలాంటి స్థితిలో ఊపిరితిత్తులు పనిచేయని మనిషికి గొట్టం ఊడితే మళ్ళీ వేసేలోపు నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. రెండోసారి ఆ పందెం కాయలేక కట్టారు. ఆ గదిలో ఆ రాత్రి మీ ముందున్న దారులు రెండే, రెండూ చెడ్డవే. అయితే కట్టడం మంచిదేనా అని ఇప్పుడు వైద్యులే ఒకరినొకరు గట్టిగా అడుక్కుంటున్నారు. కట్టేస్తే మనిషి ఇంకా గింజుకుంటాడు, ఇంకా బెదురుతాడు. ఒకప్పుడు వెంటిలేటర్ అంటే రోగిని నిద్రలో ముంచేయడమే. 2000లో షికాగో వైద్యులు రోజూ ఒకసారి మత్తుమందు ఆపి రోగిని లేపి చూస్తే, వెంటిలేటర్ మీద ఉండే రోజులు సగటున ఏడు నుంచి అయిదుకు తగ్గాయి. 2010లో డెన్మార్క్‌లో అసలు మత్తే ఇవ్వకుండా, నొప్పికి మందు ఇచ్చి, పక్కన మనిషిని కూర్చోబెట్టి చూశారు. 2018లో వచ్చిన మార్గదర్శకాలు వీలైనంతవరకూ తేలికపాటి మత్తే చాలన్నాయి. సంధిని అణచడానికి ఏళ్ళ తరబడి వాడిన హలోపెరిడాల్ అనే మందు సంధి ఉండే రోజులను తగ్గించలేదని కూడా అదే ఏడాది ఒక పెద్ద పరిశోధనలో తేలింది. పగలు పగల్లా, రాత్రి రాత్రిలా ఉండటం, కళ్ళద్దాలు తిరిగి పెట్టడం, తెలిసిన గొంతు వినిపించడం, మంచం దించి కూర్చోబెట్టడం లాంటివాటి మీదికి ఇప్పుడు మా చూపు మళ్ళింది.

ఇదంతా చదివి "అయితే కట్టకుండా ఉండాల్సిందా" అని మళ్ళీ మొదలుపెట్టకండి. బోర్లా పడుకోబెట్టాల్సినంత జబ్బులో తేలికపాటి మత్తు చాలదు, లోతుగా నిద్రపుచ్చక తప్పదు. అంత లోతు నుంచి పైకి తెచ్చేటప్పుడే మనిషి గొట్టాల మీదికి చేతులు తీసుకెళ్తాడు. పక్కన రాత్రంతా ఒక మనిషి కూర్చోగలిగితే కట్టు అవసరం తగ్గేదేమో. ఆ మనిషిని ఏర్పాటు చేయడం మీ చేతిలో లేదు. మిమ్మల్ని అడిగింది సంతకం ఒక్కటే.

మీ ఆడపడుచు మాటల గురించి ఎక్కువ రాయను. ఆవిడా తమ్ముడు పోతాడేమోనన్న భయంతోనే అంటున్నారు. కానీ నిజం నిజంగా ఉండాలి. విటమిన్ సి ఎక్కిస్తే సెప్సిస్ తగ్గిపోతుందని 2017లో ఒక చిన్న పరిశీలన వచ్చి ప్రపంచమంతా ఆశ పుట్టించింది. ఆ వీడియోలు అప్పటి ఆశలోంచి పుట్టినవే. తర్వాత పద్ధతిగా పరీక్షిస్తే ప్రయోజనం కనిపించలేదు. 2022లో 872 మంది మీద జరిగిన పరిశోధనలో, విటమిన్ సి తీసుకున్నవాళ్ళలో 44.5 శాతం మంది 28వ రోజుకు చనిపోవడమో, అవయవాలు ఇంకా యంత్రాలూ మందుల ఆసరాతో ఉండటమో జరిగింది. ఇవ్వనివాళ్ళలో అది 38.5 శాతం. అంటే మీరు ఇప్పించకపోవడం వల్ల ఆయన పోగొట్టుకున్నదేమీ లేదు.

ఎక్మో అలా తీసిపారేసేది కాదు. రక్తాన్ని బయటికి తెచ్చి, ఆక్సిజన్ కలిపి తిరిగి ఒంట్లోకి పంపే యంత్రం అది. కొందరిని నిజంగా కాపాడుతుంది. 2018లో ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 249 మంది మీద చేసిన పరిశోధనలో 60 రోజులకు ఎక్మో పెట్టినవాళ్ళలో 35 శాతం మంది, పెట్టనివాళ్ళలో 46 శాతం మంది చనిపోయారు. తేడా ఆశ కలిగించేదే అయినా కాకతాళీయం కాదని గట్టిగా చెప్పేంత లేదు. దానికి తోడు రక్తస్రావం ముప్పు, అంత జబ్బు మనిషిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిపే ముప్పు. మిగతా దారులు మూసుకుపోయాక తట్టే తలుపది. ఆయనకు దానికి ముందు దారి పనిచేసింది. ఆయన్ను బోర్లా తిప్పారు చూడండి, అదే. 2013లో ఫ్రెంచి వైద్యులు తీవ్రంగా ఊపిరందని రోగులను రోజూ గంటల తరబడి బోర్లా పడుకోబెడితే 28 రోజుల్లో మరణాలు దాదాపు 33 శాతం నుంచి 16 శాతానికి దిగాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. నలుగురైదుగురు మనుషులు గొట్టాలు ఊడకుండా ఒక మనిషిని జాగ్రత్తగా తిప్పడం, అంతే. నీళ్ళలో తొక్కిపట్టారని ఆయన అంటున్న ఆ గంటలే ఆయన్ను నిలబెట్టాయి. ఈ సంగతి ఏదో ఒక రోజు ఆయనకు తెలియాలి.

ఎలా తెలియాలి అన్నదే మీ అసలు ప్రశ్న.

ఏమీ చెప్పకుండా ఊరుకోవడం ఒక దారి. ఇప్పుడు మీరు చేస్తున్నది అదే. దీనివల్ల రోజువారీ గొడవ ఉండదు. కానీ ఐసీయూ రోజుల గురించి సంధిలో చూసినవే తప్ప నిజమైన జ్ఞాపకాలు లేనివాళ్ళకు మనోవేదన ఎక్కువగా ఉంటుందని ఇంగ్లండులో ఈ విషయం మీద పనిచేసినవాళ్ళు 2001లోనే గమనించారు. ఖాళీగా వదిలేసిన చోట ఆ నర్సూ ఆ సూదీనే ఉండిపోతాయి.

ఫైలు ముందు పెట్టి ఒక్కసారే అంతా చెప్పేయడం ఇంకో దారి. మీ గుండె బరువు దిగుతుంది. ఆయన మీదికి మాత్రం 22 రోజులు ఒకేసారి వచ్చి పడతాయి. లైటు వేసుకుని పడుకుంటున్న మనిషికి అది ఎక్కువ. ఆ రాత్రి ఆయన ఎలా ఉంటారో మీకే తెలియదు.

నాకు మొగ్గు ఉన్నది మూడోదాని మీద. ఆయన అడిగినంతకే, ఆయన అడిగినప్పుడే, పగటిపూట చెప్పండి. కొన్ని ఐసీయూల్లో నర్సులూ కుటుంబమూ కలిసి రోగి పేరున ఒక డైరీ రాస్తారు: ఈరోజు మీ అమ్మాయి వచ్చింది, ఈరోజు కళ్ళు తెరిచారు, ఈరోజు వాన పడింది. తర్వాత ఆ డైరీ రోగికి ఇస్తారు. 2010లో ఐరోపాలో దీన్ని పరీక్షిస్తే, డైరీ అందినవాళ్ళలో కొత్తగా పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదం తాలూకు భయం మనసును వదలని జబ్బు) వచ్చింది 5 శాతానికి, అందనివాళ్ళలో 13 శాతానికి. 2019లో ఫ్రాన్స్‌లో జరిగిన ఇంకా పెద్ద పరీక్షలో అంత తేడా కనిపించలేదు. కాబట్టి అది మందులా పనిచేస్తుందని చెప్పను. అయినా, ఆ డైరీలు చదువుతూ "ఓహో, ఈ రోజేనా అది" అని వేలు పెట్టి ఆగిపోయినవాళ్ళను నేను చూశాను. మీకు డైరీ లేదు, ఫోను ఉంది. ఆ 22 రోజుల్లో మీరు బంధువులకు పంపిన మెసేజీలు, చేసిన కాల్స్ తేదీలతో సహా అందులో ఉంటాయి. వాటిని ఒక నోటు పుస్తకంలోకి, రోజుకో పేజీ, మీ చేతిరాతతో ఎక్కించండి. "జ్వరం 103. నువ్వు నా వేలు పట్టుకున్నావు" అన్నంత చాలు. రాస్తుంటే మీకూ వరుస తెలుస్తుంది. ఇవ్వాలో వద్దో, ఎప్పుడివ్వాలో తర్వాత ఆలోచించవచ్చు. మీరు రాస్తుండగా కన్నీళ్ళు ఆగకపోతే ఆ రోజుకు మూసేయండి.

ఇక ఆయన మళ్ళీ "చేతులు కట్టించింది నువ్వేగా" అంటే? నేనైతే ఇలా చెప్తాను: "అవును, సంతకం నేనే పెట్టాను. మీరు గొట్టం లాగేసుకున్నారు. ఇంకోసారి లాగేసుకుంటే పోతారన్నారు. నాకు భయమేసింది. మీరు గింజుకుంటుంటే చూడలేక బయటికొచ్చేశాను." మీకు నిజం కాని వాక్యం ఉంటే తీసేయండి, నిజమైనది పెట్టుకోండి. ఆ తర్వాత సమర్థించుకోవద్దు. ఆయనకు కోపం రావచ్చు. అర్ధరాత్రి సంధిలో కనబడ్డ శత్రువు మీద కోపం వేరు, జరిగినదానికి భార్య మీద వచ్చే కోపం వేరు. రెండోది మాట్లాడుకోదగ్గది.

కొన్ని ఆస్పత్రులు కోలుకున్నవాళ్ళను మళ్ళీ ఐసీయూ చూడటానికి రానిస్తాయి. ఫోను చేసి అడగండి, సిగ్గుపడాల్సిందేం లేదు. ఆ మంచం పక్క నిలబడి, ఆ పంపు చప్పుడు విని, విషమనుకున్న సూదిలో ఏముండేదో నర్సు నోటే వింటే కొందరికి ఎన్నాళ్ళ ముడో విడిపోతుంది. కొందరికి ఆ వాసనకే కాళ్ళు వణుకుతాయి. ఆయన తానుగా వస్తానంటేనే వెళ్ళండి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసినా సరేనని ముందే అనుకుని వెళ్ళండి. అంతకంటే ముందు ఆయన్ను ఒక సైకియాట్రిస్టుకో క్లినికల్ సైకాలజిస్టుకో చూపించడం మంచిది. వెళ్ళేముందు "ఐసీయూ తర్వాత ఇలా ఉంది" అని స్పష్టంగా చెప్పండి. ఊరికే ధైర్యం చెప్పే కౌన్సెలింగ్ కాకుండా, గాయం మిగిల్చిన జ్ఞాపకాలతో నేరుగా పనిచేసే చికిత్స చేసేవాళ్ళు కావాలి. మీరూ చూపించుకోండి, వేరుగా. ఒకవేళ ఆయన "నేను బతికి ఏం లాభం" లాంటి మాట అంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్ళండి.

ఉద్యోగం సంగతి. టొరంటోలో ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బు నుంచి బయటపడ్డవాళ్ళను ఏళ్ళ తరబడి వెంబడించి చూశారు. ఏడాదికి తిరిగి పనిలో చేరింది 49 శాతం, అయిదేళ్ళకు 77 శాతం. అయిదేళ్ళ తర్వాత ఊపిరితిత్తుల పరీక్షలు దాదాపు మామూలుగా ఉన్నా, ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం వాళ్ళ ఈడువాళ్ళు నడిచేదాంట్లో నాలుగింట మూడు వంతులే. మెట్ల మీద కూర్చుండిపోవడానికి కారణం ఊపిరి ఒక్కటే కాదు. ఐసీయూలో మొదటి పది రోజుల్లోనే తొడ కండరం దాదాపు 18 శాతం కరిగిపోయినట్టు 2013లో కొలిచి చూపించారు. అది విశ్రాంతితో తిరిగి రాదు, ఫిజియోథెరపీతో, కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ చేసే వ్యాయామంతో వస్తుంది.

అంకెలు జారిపోవడం ఆయన్ను ఇంకా ఎక్కువ భయపెడుతుంటుంది, ఎందుకంటే ఆయన గౌరవం అందులో ఉంది. 2013లో అమెరికాలో 821 మంది ఐసీయూ రోగులను పరిశీలించారు. ఏడాది తర్వాత కూడా మూడోవంతు మందిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తలకు ఓ మోస్తరు దెబ్బ తగిలినవాళ్ళ స్థాయిలో ఉన్నాయి. వయసులో ఉన్నవాళ్ళూ తప్పించుకోలేదు. సంధి ఎక్కువ రోజులు ఉన్నవాళ్ళకు లోటు ఎక్కువ. దీన్ని బద్ధకమనో అధైర్యమనో ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆయన్నే అననివ్వకండి. ముందు కొలిపించండి. న్యూరాలజిస్టో సైకాలజిస్టో చేసే చిన్న పరీక్షలతో ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. నిద్రలేమి, దిగులు కూడా లెక్కలు మరిపిస్తాయి, అవి సరిచేయగలిగినవి.

ఇప్పుడే పూర్తిగా చేరిపోతే జీతం వస్తుంది, ఇంట్లో కూర్చున్నానన్న బాధ పోతుంది. ఒక తప్పు లెక్క మీద సంతకం పెట్టి, అది బయటపడితే మాత్రం ఆయన మనసు మళ్ళీ లేవడం కష్టం. పూర్తిగా మానేస్తే ఆ ప్రమాదం లేదు కానీ మెదడుకు పని తగ్గి, మనుషులు తగ్గి, ఆ గదీ ఆ లైటూ మిగులుతాయి. రోజుకు మూడు నాలుగు గంటలు, ఇంకొకరు సరిచూసే పని, మూడు నెలలకోసారి పెంచుకుంటూ పోయే ఒప్పందం అడగగలరేమో చూడండి. ఆఫీసుకు చూపించడానికి డాక్టరు దగ్గర ఉత్తరం తీసుకోండి, అందులో "న్యుమోనియా తగ్గింది" అని కాకుండా ఐసీయూ తర్వాతి సమస్య పేరు రాయించండి. ఆ పేరు లేకపోతే ఆఫీసువాళ్ళకు ఎదుట కనిపించేది ఆరోగ్యంగా ఉన్న మనిషే.

ఆ గోరు గురించి కూడా చెప్పండి ఆయనకు. ఒళ్ళంతా ప్రాణం నిలుపుకోవడానికి పెనుగులాడుతున్న రోజుల్లో గోరు పెరగడం ఆగిపోయింది, ఆ ఆగిన చోటే గాడి. చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆరు నెలలైంది కాబట్టి అది కొసకు వచ్చేసి ఉండాలి. ఇంకొన్ని వారాల్లో గోళ్ళు కత్తిరించుకునేటప్పుడు ఆయనే దాన్ని తీసేస్తారు.

ఇక మెషిన్ మీద పెట్టనివ్వనని ఆయన అడుగుతున్న మాట. "సరే, ఇస్తున్నాను" అంటే ఈ రాత్రికి ఆయన పడుకుంటారు. రేపెప్పుడో రెండు రోజుల వెంటిలేటర్‌తో తేలిపోయే జబ్బు వస్తే, ఆ మాట మీ మెడకు చుట్టుకుంటుంది. "ఇవ్వను" అంటే, చేతులు కట్టించిన మనిషే మళ్ళీ తన మాట వినలేదని ఆయనకు అనిపిస్తుంది. ఈ రెండింటికీ ముందు ఒకటి అడగండి: "మీకు వద్దన్నది ఏది? మెషినా, చేతులు కట్టడమా, నేను బయట ఉండటమా?" నేను చూసినవాళ్ళలో చాలామంది భయపడేది యంత్రానికి కాదు, ఒంటరిగా, మాట రాక, ఎవరూ ఏదీ చెప్పకుండా పడి ఉండటానికి. ఆయన జవాబు అదే అయితే మీరు ఇవ్వగల మాటలు చాలా ఉన్నాయి. మత్తు తేలికగా ఉంచమని అడుగుతాను. కట్టాల్సి వస్తే ముందు నన్ను పక్కన కూర్చోనివ్వమంటాను. రోజూ తేదీ, టైము, ఎక్కడున్నారో మీ చెవిలో చెప్తాను.

లేదు, యంత్రమే వద్దంటే అది కూడా వినాల్సిన మాటే. ఐసీయూల్లో ఇప్పుడు వాడుకలోకి వస్తున్న ఒక పద్ధతి ఉంది: గడువు పెట్టుకుని ప్రయత్నించడం. ఇన్ని రోజులు పూర్తి వైద్యం చేద్దాం, ఫలానాది మెరుగైతే కొనసాగిద్దాం, కాకపోతే బాధ లేకుండా చూసే వైద్యం వైపు వెళ్దాం అని మొదటి రోజే కుటుంబం, వైద్యులు అనుకోవడం. అది ఆయనకు నచ్చవచ్చు. కానీ ఇప్పుడు, ఆ నీళ్ళ జ్ఞాపకం పచ్చిగా ఉండగా, చివరి నిర్ణయం రాయించకండి. చికిత్స మొదలై నాలుగైదు నెలలయ్యాక మళ్ళీ అడగండి. అప్పటికీ అదే అంటే, ఆయన్ను చూసే డాక్టరు ముందు కూర్చుని, మీరున్న చోటి చట్టం ప్రకారం రాతపూర్వకంగా పెట్టుకోండి. అప్పుడు ఇంకోసారి ఆ బరువు మీ ఒక్కరి సంతకం మీద పడదు. ఈలోగా ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడగండి. ఒకసారి సెప్సిస్ వచ్చినవాళ్ళకు మళ్ళీ ఇన్ఫెక్షన్ ముప్పు మామూలు కంటే ఎక్కువ. జ్వరంతో పాటు మాట తడబడినా, ఆయాసం వచ్చినా, ఉచ్చ బాగా తగ్గినా తెల్లారేదాకా చూడకుండా తీసుకెళ్ళండి.

ఇవన్నీ ఒక్క వారంలో చేయలేరు, చేయొద్దు కూడా. ముందు మీ ఇద్దరి అపాయింట్‌మెంట్లు. ఆ తర్వాత, ఆయన ఇంట్లో లేని సమయంలో, ఆ ఫైలు బట్టల కింద నుంచి తీసి, తొమ్మిదో రోజు నుంచి ఉన్న నర్సింగ్ షీట్లు వెతకండి. లేకపోతే ఆస్పత్రి రికార్డుల విభాగంలో కాపీ అడగండి. చేతులు కట్టినప్పుడు ఎంత సేపటికోసారి విప్పి చూశారో, మణికట్టు చర్మం ఎలా ఉందో, చివరికి ఎప్పుడు తీసేశారో టైముతో సహా రాయడం పద్ధతి. చివరగా విప్పిన ఆ టైము దొరికితే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆయన మళ్ళీ ఆ ప్రశ్న అడిగినప్పుడు, జరిగిందంతా చెప్పాక, అది కూడా చెప్పండి.